హద్దు మారినా పంచాంగం ఒకటే

1956లో ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్ తాలూకా నేటి మహారాష్ట్రలోని నాందేడ్‌లో కలిసింది. హద్దు మారింది గాని పంచాంగం మారలేదు. తెలుగువారిదీ మరాఠీలదీ అమావాస్యతో ముగిసే నెలే, శాలివాహన శకమే. అందుకే చైత్ర శుద్ధ పాడ్యమినాడు ఉగాది పచ్చడికీ గుడీ పాడ్వాకీ పేచీ లేదు. శ్రావణ అమావాస్య మనకు పోలాల అమావాస్య, వారికి ఎడ్ల పండుగ పోళా.

ఇలా కలిసిపోతే తెలుగుదనం మిగలదని కొందరి బెంగ. తిథి ఒకటైతే ఆచారం ఒకటైపోదు. నవరాత్రుల్లో మరాఠీ ఆడపిల్లలు ఏనుగు బొమ్మ చుట్టూ ఆడే భోండ్లా బతుకమ్మకు చుట్టమే. అయినా పూలనే దేవతగా పేర్చడం మన సొంతం. అసలు చిక్కు బడిది. 2014లో తెలంగాణ బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. ఆ ఉత్తర్వు హద్దు దాటదు, కిన్వట్ బడులకు ఆ సెలవు రాదు. కిన్వట్ ఉపాధ్యాయులారా, సెలవు లేకపోతే పోనీ, ఆ పండుగ రోజుల్లో మీ తరగతిలో పిల్లలను ఒక బతుకమ్మ పేర్చనివ్వండి, మరాఠీ పిల్లలనూ పిలవండి.