రూల్సు చెప్పే కథ

పట్టాలు అందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులకు అభినందనలు. మీలో కొందరు గేమ్ డిజైన్ చదివారు, కొందరు యానిమేషన్, కొందరు కంప్యూటర్ సైన్స్. రేపు ఏ స్టూడియోలో చేరినా ఒక మాట మీ చెవిన పడొచ్చు: ముందు ఆట ఆడేలా చెయ్యండి, కథ సంగతి రైటర్ చూసుకుంటాడు. ఈ పంపకమే తప్పని నా వాదన. గేమ్‌లో పాత్రలు మాట్లాడే మాటల కన్నా, మధ్యమధ్య సినిమాలా నడిచే కట్‌సీన్ల కన్నా గట్టిగా కథ చెప్పేవి రూల్సు. దేనికెన్ని పాయింట్లు, ఏ తప్పుకెంత జరిమానా, ఏం చేస్తే తలుపు తెరుచుకుంటుంది అని తేల్చేవి అవే. వాటిని రాసినవాళ్లు, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఆ గేమ్ కథకులు.

ఇది కంప్యూటర్‌తో మొదలైన సంగతేమీ కాదు. జాగారం రాత్రుల్లో మన ఇళ్లలో ఆడే వైకుంఠపాళినే చూడండి. నిచ్చెనల పక్కన భక్తి, జ్ఞానం లాంటి పేర్లుంటాయి, పాముల పక్కన రాక్షసుల పేర్లుంటాయి. మంచి చేస్తే పైకి, చెడు చేస్తే కిందికి అని పటం చెబుతుంది. కానీ ఆడేవాడు మంచీ చెయ్యడు, చెడూ చెయ్యడు. గవ్వలు వేస్తాడు, అంతే. ఎక్కడమూ దిగడమూ నీ చేతిలో లేవన్నది రూలు చెప్పే కథ. ఆ గవ్వల్లో పడేది పూర్వజన్మ ఫలమేనని ఎవరైనా సమర్థించవచ్చు. తెలివైన సమర్థనే. అయితే ఆ సమర్థన కూడా బొమ్మకి అర్థం వెతుక్కుంటూ రూలు దగ్గరికే వెళ్లింది, గమనించండి.

ఇంకాస్త లోతుగా చూడాల్సిన ఉదాహరణ అమెరికాది. అక్కడ ఎలిజబెత్ మాగీ అనే ఆవిడ 1904లో ‘ది ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ అనే ఆటకు పేటెంటు పొందింది. భూమి విలువ మీదే పన్ను వెయ్యాలన్న హెన్రీ జార్జ్ సిద్ధాంతాన్ని ఆవిడ గట్టిగా నమ్మింది. స్థలాలు కొద్దిమంది చేతుల్లో పోగుపడితే మిగతావాళ్ల గతేమిటో జనానికి ఆటలో చూపించాలనుకుంది. ఆ ఆటకి ఆవిడ రెండు రకాల రూల్సు రాసింది. ఒక రకంలో ఎదుటివాళ్లని దివాలా తీయించినవాడే విజేత. రెండో రకంలో భూమి అద్దె ఉమ్మడి ఖజానాకు పోతుంది, సంపద పెరిగితే అందరికీ వాటా అందుతుంది. అట్ట అదే, గళ్లు అవే, పావులు అవే. రూల్సు మారితే మరో సమాజం. ఈ ఆట చేతులు మారుతూ, రూపం మారుతూ 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ద్వారా మోనోపలీగా బజారుకెక్కింది. మాగీకి పేటెంటు కింద దక్కింది 500 డాలర్లు. లోకమంతా పాకింది మొదటి రకం రూల్సే.

నా వాదనకు బలమైన అభ్యంతరం ఇక్కడే ఉంది. రూల్సే కథ చెబుతాయంటున్నారు, మరి మాగీ చెప్పాలనుకున్నది జనానికి చేరిందా? గుత్తాధిపత్యం చేటు అని ఆవిడ హెచ్చరిస్తే, పక్కవాడి స్థలాలు లాక్కుని కేరింతలు కొట్టడం నేర్చుకున్నారు కదా! నిజమే. కానీ దీన్నుంచి తేలేదేమిటి? ఆవిడ ఉద్దేశం ఆవిడ మనసులో, ఆవిడ రాసిన వివరణలో ఉంది. మొదటి రకం రూల్సులో ఉన్నది మాత్రం ఎదుటివాడు మునిగితే నీకు బహుమానం అన్న మాట. ఆడేవాళ్లు ఆ మాటనే విన్నారు. ఆవిడ మందలింపు రెండో రకాన్ని కూడా ఆడి పోల్చితేనే వినబడుతుంది, దాన్ని పక్కకు నెట్టేశాక మిగిలింది మెచ్చుకోలే. డిజైనర్ సదుద్దేశాన్ని ప్రెస్‌మీట్‌లో ఎంత చెప్పినా రూల్సులో లేకపోతే లేనట్టే.

ఇప్పుడు వీడియో గేములకు వద్దాం. 2007లో వచ్చిన బయోషాక్‌ని చాలామంది గొప్ప కథ ఉన్న గేమ్‌గా లెక్కపెడతారు. స్వార్థమే పరమధర్మమని నమ్మి సముద్రగర్భంలో కట్టుకున్న నగరం ఎలా కుళ్లిపోయిందన్నది కథ. అందులో లిటిల్ సిస్టర్స్ అనే చిన్నపిల్లలుంటారు. ఒక్కో పిల్లని చంపితే 160 ఆడమ్, కాపాడితే 80. ఆడమ్‌తో శక్తులు కొనుక్కోవచ్చు. పిల్ల ప్రాణమా, మన బలమా అన్నది పెద్ద ధర్మసంకటంలాగే కనిపిస్తుంది. కానీ ముగ్గుర్ని కాపాడిన ప్రతిసారీ కానుకగా మరో 200 ఆడమ్ వస్తుంది. లెక్క వెయ్యండి: ముగ్గుర్ని చంపితే 480, కాపాడితే 440. సంకటం ఖరీదు 40 ఆడమ్. సంభాషణల్లో ఉన్న బరువంతా ఈ కూడికలో ఆవిరైపోయింది. క్లింట్ హాకింగ్ అనే డిజైనర్ అదే ఏడాది ఈ గేమ్ మీద రాసిన విమర్శ, ఆట చెప్పేదానికీ కథ చెప్పేదానికీ పొంతన లేదని ఎత్తిచూపి, గేమ్ విమర్శకే కొత్త పరిభాషను ఇచ్చింది. ఆయన పట్టుకున్న లోపం వేరు, ఈ లెక్క వేరు; రెండిటి మూలం మాత్రం ఒకటే.

దీని పక్కన లూకస్ పోప్ దాదాపు ఒంటిచేత్తో చేసి 2013లో విడుదల చేసిన ‘పేపర్స్, ప్లీజ్’ని పెట్టండి. బొమ్మలు చూస్తే మొరటుగా ఉంటాయి. 1982లో, ఒక కల్పిత నియంతృత్వ దేశపు సరిహద్దులో మీరు పాస్‌పోర్టులు తనిఖీ చేసే గుమాస్తా. సరిగ్గా తేల్చిన ఒక్కో మనిషికి 5 క్రెడిట్లు జీతం. రోజుకి మొదటి రెండు తప్పులకు హెచ్చరిక, మూడోదాని నుంచి కోత. సాయంత్రం ఇంటి ఖర్చుల పట్టిక తెర మీదికొస్తుంది: అద్దె, తిండి, చలికి వెచ్చదనం. ఒకరోజు ఒకాయన వస్తాడు, కాగితాలన్నీ సక్రమం. వెనకాలే నా భార్య వస్తోంది, కాస్త దయ చూపండి అని వెళ్తాడు. ఆమె దగ్గర ప్రవేశ అనుమతి ఉండదు. తిప్పి పంపితే తనని చంపేస్తారంటుంది. ఆ రోజు అప్పటికి మీరు తప్పులేమీ చెయ్యకపోతే ఆమెని లోపలికి పంపినా హెచ్చరికతో పోతుంది. రెండు తప్పులు అయిపోయి ఉంటే ఆ దయ మీ ఇంట్లో పొయ్యికి తగులుతుంది. అంటే ఆ వ్యవస్థలో పని బాగా చేసే గుమాస్తాకే జాలిపడే వెసులుబాటు ఉందన్నమాట. నియంతృత్వంలో మామూలు మనిషి మంచితనం ఎలా కరిగిపోతుందో చెప్పే ఈ సూక్ష్మమైన మాట ఏ పాత్ర నోటా రాదు. హెచ్చరికలు రెండు అని రాసిన ఒక్క అంకెలో ఉంది.

కట్‌సీన్లతో నడిచే గేములు గొప్ప కథలు చెప్పలేదా అని అడగొచ్చు. 2013 నాటి ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ 2023లో టీవీ సీరియల్ అయి మెప్పు పొందింది కూడా. ఆ గేమ్‌లో నటన, రచన నిజంగా మంచివి. అయినా ఆడినవాళ్లు మర్చిపోలేని ఘట్టం ఆసుపత్రిలో, సర్జన్ ఎదురుగా నిలబడ్డప్పటిది. ఆయన్ని చంపితే తప్ప ఆట ముందుకు కదలదు. ఎంతసేపైనా నిలబడండి, తెర ఎదురుచూస్తూనే ఉంటుంది. టీవీలో చూసినవాడు ఆ పని చేసిన కథానాయకుడు జోయెల్‌ని తప్పుపట్టి ఊరుకుంటాడు. ఆడినవాడి వేలు మీట మీద ఉంది. టెట్రిస్‌లో కథ ఎక్కడుందంటారా, లేదు. ప్రతి ఆటా కథ చెప్పాలని నేననడం లేదు.

రోజర్ ఈబర్ట్ అభ్యంతరం ఇంకా లోతైనది. ఆ పేరున్న సినీ విమర్శకుడు 2010లో వీడియో గేములు ఎప్పటికీ కళ కాలేవని రాశాడు. ఆడి చూడకుండా మాట్లాడి ఉండాల్సింది కాదని తర్వాత తనే ఒప్పుకున్నాడనుకోండి. ఆయన వాదనలో సారం ఇది: కళలో దారి కర్త నిర్ణయిస్తాడు, ఎంపిక ప్రేక్షకుడికి వదిలేస్తే కర్తృత్వం చెదిరిపోతుంది. తెలుగువాళ్లకి దీనికి జవాబు చెప్పడం కష్టం కాకూడదు. అష్టావధానంలో పద్యం ఎలా వస్తుందో సభ మొదలయ్యేటప్పుడు ఎవరికీ తెలియదు. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునా అక్షరం నిషేధిస్తూ అడ్డం పడతాడు, ఆ అడ్డంకిలోంచే పద్యం పుడుతుంది. ఫలితం తెలియనంత మాత్రాన దాన్ని కళ కాదన్నవాళ్లు మనలో లేరు. గేమ్‌లో ఎంపిక ఆడేవాడిదే కావచ్చు. ఏయే ఎంపికలుండాలి, ఒక్కోదానికి మూల్యమెంత అన్నది మాత్రం ముందే ఎవరో రాసి పెట్టినదే. కర్తృత్వం అక్కడ భద్రంగా ఉంది. ఉంది కాబట్టే జవాబుదారీతనమూ ఉంది.

ఆ జవాబుదారీతనం గురించి మన ఇతిహాసంలోనే ఒక నిలదీత ఉంది. కురుసభలో పాచికల ఆట నడుస్తుంటే పెద్దలెవరూ దాన్ని ఆపలేదు. తనని తాను ముందే ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కెక్కడిదని ద్రౌపది అడిగింది. ఆటగాళ్ల నైపుణ్యం జోలికి పోకుండా ఆట రూలునే ప్రశ్నించింది. ఆ ప్రశ్న వేసిన మనిషి ఆ ఆట ఆడటం లేదు, ఆ రూలు బరువు మోస్తోంది.

ఇవాళ్టి మొబైల్ గేముల్లో కూడా అలా నిలదీయాల్సిన రూల్సు ఉన్నాయి. డబ్బు పందేల మీద ప్రభుత్వాలు కదిలాయి: తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించాయి, 2025లో పార్లమెంటు దేశమంతటికీ ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది. వరసగా ముప్పై రోజులు లాగిన్ అయితే బహుమతి, ఒక్కరోజు తప్పితే మొత్తం సున్నా అనే రూలు ఆ కోవలోకి రాదు. అది పందెం కాదు. పరీక్షల నాడు కూడా పిల్లాడిని ఫోన్ దగ్గరికి లాగే రూలది, ఆట వదిలి వెళ్లడమే ద్రోహం అన్న కథ చెబుతుంది. ఆ సున్నా ఎక్సెల్ షీట్‌లో ఒక గడిలో ఉంటుంది, ఏదో ఒక మధ్యాహ్నం మీటింగ్‌లో ఎవరో టైప్ చేస్తారు. మీలో కొందరికి ఆ షీట్ తెరిచే అధికారం త్వరలోనే వస్తుంది. సున్నా చెయ్యకుండా ఒక్క మెట్టు దించినా ఆట నడుస్తుంది. దానివల్ల రాబడి తగ్గుతుందని ఎవరైనా అంటే, ఎంత తగ్గుతుందో రెండు రకాలుగానూ నడిపి చూపించమని అడగండి.