ఆవు చేపిన ఐదారు నిమిషాలు

గోదావరి ఒడ్డున ఉన్న మన లక్సెట్టిపేట 2016లో ఆదిలాబాద్ నుంచి విడిపోయి మంచిర్యాల జిల్లాలో కలిసింది. జిల్లా పేరు మారినా కొట్టంలో తెల్లవారుజాము పని మాత్రం మారలేదు.

ఆ పనిలో సాయానికి పాలు పిండే మిషన్ కొనాలనుకునేవాళ్లు ముందు ఆవు సంగతి తెలుసుకోవాలి. పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, చన్నులు నిమిరితే ఆవు చేపుతుంది. ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలోకి వచ్చి పాలు దిగుతాయి. దాని ప్రభావం ఐదారు నిమిషాలే. ఆ కాస్త సమయంలో అరుపులు, దెబ్బలు ఉంటే భయానికి ఎగచేపుతుంది. తిట్లు ఆవుకే పడతాయి గానీ, తప్పు చాలాసార్లు మనదే.

మిషన్ దూడ చీకినట్టే నిమిషానికి దాదాపు 60 సార్లు పట్టి వదులుతుంది. పాలు అయిపోయాక కూడా చన్నులకు తొడిగిన కప్పులు అలాగే ఉంచితే చన్ను కొసలు దెబ్బతింటాయి. కప్పుల్లోని రబ్బరు పగుళ్లిస్తే వెంటనే మార్చండి. ఆ పగుళ్లలోనే క్రిములు దాగుతాయి.

పిండే ముందు తొలి ధారలు నల్లగుడ్డ మీద వేసి చూడండి. తరకలు కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టే, పశువైద్యుడిని పిలవాలి.

పిండాక చన్నులను అయోడిన్ మందులో ముంచండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ఆలోపు ఆవు పేడలో పడుకోకుండా ముందర ఇంత పచ్చగడ్డి వేయండి, నిలబడి మేస్తుంది.