రేసు కారుకు ప్లాస్టిక్ అద్దం: అచ్చు నేర్పే పాఠం



ఒక చిన్న రేసు కారుకు ముందు అద్దాన్ని ప్లాస్టిక్ షీటుతో మన వర్క్‌షాపులోనే ఎలా తయారు చేసుకోవచ్చు? ఈనాటి మన పాఠ్యాంశం ఇదే. అయితే కారు దగ్గరకు వెళ్లేముందు ఒకసారి ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌కు వెళ్లివద్దాం.

బస్తర్‌లో, ముఖ్యంగా కొండగావ్ ప్రాంతంలో, ఘడ్వా కళాకారులు డోక్రా బొమ్మలు పోస్తారు. ముందుగా మట్టితో లోపలి ముద్ద చేస్తారు. దానిమీద తేనెమైనాన్ని సన్నని దారాలుగా తీసి చుడతారు. పైన మెత్తని మట్టి పూసి, ఆరబెట్టి, కాలుస్తారు. మైనం కరిగి ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తే మైనం రూపమే లోహంలోకి వస్తుంది. మన ఆదిలాబాద్ జిల్లాలో ఓజ కళాకారులు చేసే డోక్రా పని కూడా ఈ పద్ధతే. మైనం దారం మీద వేలిగుర్తు పడితే అది ఇత్తడి బొమ్మ మీద కూడా కనిపిస్తుంది. అచ్చులో ఏముంటే వస్తువులో అదే వస్తుంది. ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి. మన అద్దానికీ ఇదే ఆధారం.

ఇప్పుడు కారు దగ్గరకు వద్దాం. మన ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా చిన్న రేసు కార్లు తయారుచేసి పోటీలకు తీసుకువెళ్తున్నారు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ అటువంటి పోటీయే. పైకప్పు లేని ఇటువంటి కారులో డ్రైవరు ముఖానికి గాలి నేరుగా తగులుతుంది. ఆ ఒత్తిడి ఎంత? గాలి సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. గంటకు 100 కిలోమీటర్లు అంటే సెకనుకు సుమారు 27.8 మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.2 కిలోలు అనుకుంటే ఒత్తిడి సుమారు 460 పాస్కల్‌లు వస్తుంది. 60 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న అద్దం గాలికి ఎదురుగా నిలబడితే దానిమీద ఐదారు కిలోల బరువు మోపినంత బలం పడుతుంది. వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లవుతుంది. అద్దాన్ని వెనక్కు వాలుగా అమర్చడానికి ఒక కారణం ఇదే.

మరి గాజు ఎందుకు వాడకూడదు? గాజు సాంద్రత నీటికన్నా రెండున్నర రెట్లు. ప్లాస్టిక్‌ది సుమారు 1.2 రెట్లు. మనం చెప్పుకున్న కొలతలో 3 మిల్లీమీటర్ల మందం గాజు పలక 900 గ్రాములు తూగితే, ప్లాస్టిక్ పలక 430 గ్రాములే తూగుతుంది. పైగా గాజును వంచాలంటే పెద్ద కొలిమి కావాలి.

మనకు దొరికే పారదర్శక ప్లాస్టిక్‌లలో ముఖ్యమైనవి రెండు: యాక్రిలిక్, పాలికార్బొనేట్. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ యుద్ధ విమానాల కాక్‌పిట్ కప్పులు యాక్రిలిక్‌తో చేసేవారు. తూటాలు తగిలి ఆ కప్పులు పగిలినప్పుడు ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నాయి. ఆ ముక్కలను కన్ను తిప్పికొట్టడం లేదని నేత్రవైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించి, 1949లో లండన్‌లో యాక్రిలిక్ కటకాన్ని మొదటిసారిగా రోగి కంటిలో అమర్చారు. నేటి శుక్లాల ఆపరేషన్లకు అదే నాంది. గొప్ప కథే. కానీ అందులో మనకొక హెచ్చరిక కూడా ఉంది. యాక్రిలిక్ దెబ్బ తగిలితే పదునైన ముక్కలుగా పగులుతుంది. అందుకే డ్రైవరు కళ్ల ముందు పాలికార్బొనేట్ మేలు. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ విడివిడిగా కనుగొన్న ప్లాస్టిక్ ఇది. దెబ్బకు సాగుతుంది, వంగుతుంది, కానీ సులభంగా ముక్కలు కాదు. హెల్మెట్ ముందుండే వైజరు కూడా సాధారణంగా దీనితోనే చేస్తారు. దీని లోపాలు: తొందరగా గీతలు పడతాయి, ఎండకు పచ్చబడుతుంది, పెట్రోలు, థిన్నరు వంటి ద్రావకాలు తగిలితే పగుళ్లు వస్తాయి.

ఇక ఆకారం సంగతి. ఒక కాగితాన్ని డబ్బా చుట్టూ చుట్టండి, చక్కగా అతుక్కుంటుంది. అదే కాగితాన్ని కొబ్బరికాయ మీద చుట్టండి, ముడతలు పడుతుంది. ఒకే దిశలో వంగే అద్దమైతే వేడి చేయనక్కర్లేదు. పాలికార్బొనేట్ షీటును దాని మందానికి కనీసం 100 రెట్ల వ్యాసార్ధంతో చల్లగానే వంచవచ్చు. అంటే 3 మిల్లీమీటర్ల షీటుకు 30 సెంటీమీటర్లు. మొదటిసారి చేసేవారికి నా సలహా ఈ పద్ధతే. ముందు అట్టతో నమూనా కత్తిరించి కారు మీద సరిచూసుకుని, ఆ తర్వాతే షీటును కోయండి.

రెండు దిశల్లో వంగే అద్దానికి మాత్రం అచ్చు, వేడి రెండూ కావాలి. అచ్చును చెక్కతో గాని, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో గాని చేయండి. ప్లాస్టర్ పూర్తిగా ఆరాలి. థర్మోకోల్ పనికిరాదు, వేడికి కుంచించుకుపోతుంది. ప్లాస్టిక్‌లోని పొడవైన అణుశృంఖలాలు చల్లగా ఉన్నప్పుడు బిగుసుకుని ఉంటాయి. పాలికార్బొనేట్‌లో సుమారు 147 డిగ్రీల సెల్సియస్ దాటితే అవి కదలడం మొదలుపెడతాయి. అచ్చుమీద చక్కగా వాలాలంటే సుమారు 180 డిగ్రీలు కావాలి. యాక్రిలిక్‌కు 160 డిగ్రీల దరిదాపులు చాలు. పాలికార్బొనేట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. దానిని ముందుగా 120 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఆరబెట్టకపోతే ఆ తేమ ఆవిరై షీటు నిండా బుడగలు వస్తాయి. ఈ పనిని ఉష్ణోగ్రత అదుపు ఉన్న ఓవెన్‌లో, గాలి బాగా ఆడే చోట, మందపాటి చేతితొడుగులు వేసుకుని, అధ్యాపకుల సమక్షంలోనే చేయాలి. మంట మీద కాల్చవద్దు, వంటింటి ఓవెన్ వాడవద్దు.

ఇక్కడే డోక్రా సూత్రం మళ్లీ ఎదురవుతుంది. అచ్చు మీద ఇసుకరేణువంత బొడిపె ఉన్నా మెత్తబడిన షీటు మీద దాని ముద్ర పడుతుంది. ఇత్తడి బొమ్మనయితే తర్వాత ఆకురాయితో రుద్ది సరిచేయవచ్చు. చూపు పోయే చోట ప్లాస్టిక్‌ను రుద్దితే మసకబారుతుంది. అందుకే అచ్చును నునుపుగా చేసి, పైన మెత్తని ఫ్లానెల్ గుడ్డ పరచాలి. షీటును నెమ్మదిగా చల్లారనివ్వాలి. తొందరపడి నీళ్లు చల్లితే లోపల ఒత్తిళ్లు మిగిలిపోతాయి.

అద్దాన్ని బిగించేటప్పుడు వ్యాకోచాన్ని మరవకండి. 60 సెంటీమీటర్ల పాలికార్బొనేట్ షీటు 40 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 1.7 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే పొడవు ఉక్కు 0.3 మిల్లీమీటర్లే సాగుతుంది. కనుక రంధ్రాలను బోల్టు కన్నా 2 మిల్లీమీటర్లు పెద్దవిగా వేసి, రబ్బరు వాషర్లు పెట్టి, మరీ గట్టిగా బిగించకుండా వదలాలి. అంచులను నునుపు చేయాలి, ఎందుకంటే పగులు అంచునుంచే మొదలవుతుంది.

చివరిగా రెండు పరీక్షలు. మొదటిది, గళ్ల కాగితాన్ని గోడకు అంటించి, డ్రైవరు కూర్చునే చోటునుంచి అద్దం గుండా చూడండి. గీతలు వంకరగా కనిపిస్తే మలుపు కూడా ఉన్నచోట కాక వేరేచోట కనిపిస్తుంది. ఆ అద్దాన్ని పక్కన పెట్టండి. రెండవది, అద్దాన్ని కంప్యూటరు ఎల్‌సీడీ తెర ముందు పట్టుకుని పోలరాయిడ్ కళ్లద్దాలతో చూడండి. ఇంద్రధనుస్సు రంగుల పట్టీలు ఒకచోట దగ్గరదగ్గరగా గుమిగూడితే ఒత్తిడి అక్కడ త్వరత్వరగా మారుతోందని అర్థం. పగులు వచ్చే అవకాశం ఉన్నది అక్కడే. తెరనుంచి వచ్చే కాంతి ధ్రువణం చెంది ఉంటుంది కనుకనే ఈ పరీక్ష సాధ్యమవుతుంది.

ఈ అద్దం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో కూడా తెలుసుకోవాలి. గాలిని, ధూళిని, చిన్న రాళ్లను తప్పిస్తుంది, అంతే. 2009లో హంగరీలో ముందు కారునుంచి ఊడిన స్ప్రింగు ఫెలిపే మస్సా హెల్మెట్‌కు తగిలి ఆయన తీవ్రంగా గాయపడ్డారు. అంతటి దెబ్బను ఆపడానికి 2020లో అమెరికాలోని ఇండీకార్ పోటీలలో పొరలు పొరలుగా అతికిన పాలికార్బొనేట్ తెరను టైటానియం చట్రంతో కలిపి ప్రవేశపెట్టారు. మన 3 మిల్లీమీటర్ల షీటు దానికి సాటి కాదు. హెల్మెట్, వైజరు తప్పనిసరి. మామూలు రోడ్డు మీద తిరిగే వాహనానికి నిబంధనల ప్రకారం పరీక్షించిన అద్దమే ఉండాలి, ఇంట్లో చేసినది పనికిరాదు.

పాఠం ముగించే ముందు మీకొక పని. ఒకే మందం ఉన్న యాక్రిలిక్, పాలికార్బొనేట్ ముక్కలను తెచ్చి, నేను చెప్పిన రంగుల పరీక్షను వంచకముందు ఒకసారి, వంచి పట్టుకుని ఒకసారి చేయండి. కంటికి అద్దాలు పెట్టుకోవడం మరవకండి. మీరు చూసినది బొమ్మ గీసి, రంగులు ఎక్కడ మారాయో గుర్తించండి.