మరణశాసనము – కుటుంబరక్షణము



ఆస్తి నార్జించు విధమును మన పెద్దలు చక్కగా బోధించిరి. తమ యనంతరము దానిని నిలుపు విధమును బోధించినవారు తక్కువ. మరణమును దలచుట యశుభమని యూరకుందుము. ఆ మౌనపు ఫలము ననుభవించువారు భార్యాబిడ్డలు.

మనది మెట్టసీమ. వానలు తప్పిన యేడు పిల్లలు నెల్లూరికో, బెంగుళూరికో, గల్ఫు దేశములకో పోవుదురు. చేను మాత్రము తాతగారి పేరనే నిలుచును. అడంగలులో పేరొకరిది, దున్నువాడొకడు, హక్కుదారులు పదుగురు. సోమశిల నీరు పారిన చోట భూమివిలువ హెచ్చినది. విలువతోడనే వివాదమును హెచ్చును.

వీలునామా లేక పురుషుడు గతించినచో నేమగును? 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి యతని స్వార్జితము భార్యకును, కొడుకులకును, కూతుండ్రకును, తల్లికిని సమభాగములుగా చెందును. తల్లిభాగమును మనవారు తరచుగా మఱతురు. ఇక పిత్రార్జితమునందు అవివాహితలగు కూతుండ్రకు మన రాష్ట్రమున 1985 సెప్టెంబరు 5 నుండియు, కూతుండ్రందఱకును దేశమంతట 2005 సెప్టెంబరు 9 నుండియు కొడుకులతో సమానమగు హక్కు కలిగినది. ఆ దినమునకు తండ్రి జీవించి యుండనక్కఱలేదని సుప్రీం కోర్టు 2020 లో తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20 కి ముందే రిజిస్టరైన పారీఖత్తులు మాత్రము చెల్లును. కావున "కట్నమిచ్చితిమి గదా" యను మాట న్యాయస్థానమున నిలువదు.

వీలునామా వ్రాయుట కష్టము గాదు. స్వార్జితమును, సమష్టి యాస్తిలో తన భాగమును వ్రాయవచ్చును; ఇతరుల భాగమును వ్రాయరాదు. 1925 నాటి చట్టము ప్రకారము వ్రాసినవారు సంతకమైనను, వేలిముద్రయైనను చేయవలయును. దానిని చూచిన సాక్షు లిరువురు వారి యెదుటనే సంతకములు చేయవలయును. స్టాంపు కాగిత మక్కఱలేదు. రిజిస్ట్రేషను నిర్బంధము గాకున్నను, సబు రిజిస్ట్రారు కార్యాలయమున చేయించుట మేలు. సర్వే నంబరు, విస్తీర్ణము, చెక్కుబంది స్పష్టముగా నుండవలయును. సాక్షులు వయసున చిన్నవారును, ఆస్తిలో భాగము పొందనివారునై యుండుట మంచిది. మనసు మారినచో మరల వ్రాయవచ్చును, కడపటిదే చెల్లును. మంచముపట్టి నోట చెప్పిన మాట, యుద్ధరంగమందలి సైనికునకు దక్క, వీలునామా కాజాలదు.

పిఠాపురము రాజా గంగాధర రామారావుగారు దత్తపుత్రు డుండగనే, పిదప జన్మించిన కుమారునకు సంస్థానమును మరణశాసనముచే నొసగిరి. వ్యాజ్యము లండనునందలి ప్రివీ కౌన్సిలు వఱకు పోయెను. 1899 లో మరణశాసనమే నిలిచెను. అది విభజింపరాని జమీందారీ. ఆ న్యాయము మన చేలకు వర్తింపదు. ఐనను వ్రాతకు గల బల మిందువలన తెలియును. రాజులకు లండను వఱకు పోవ ధనము గలదు. మనకు వాయిదాలకు తిరుగు బత్తెమే బరువు.

మఱి రెండు హెచ్చరికలు. బ్యాంకులో నామినీ యనగా సొమ్ము నందుకొనువాడే గాని, దానికి తుది హక్కుదారుడు గాడు. రెండవది: దానపత్రము రిజిస్టరైనతోడనే యాస్తి చేయిదాటును, వీలునామా యట్లు గాదు, బ్రదికి యున్నంతవఱకు నాస్తి మనదే. బిడ్డలకు దానము చేయు వృద్ధులు తమ్ము పోషింపవలయునను షరతును తప్పక వ్రాయించుకొనవలయును. ఆ షరతును తప్పినచో దానమును రద్దుచేయించుకొనుటకు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము దారి చూపుచున్నది.

అన్నదమ్ములు విడిపోవుటకు పేదరికముకంటె వ్రాయని కాగితమే తరచుగా కారణమగుచున్నది. వితంతువు పుట్టింటికి పోక, తన వంటయింటిలో తాను గౌరవముతో నుండుటకు ఆ కాగితమే యండ. కావున ప్రతి గృహస్థుడును, ఆస్తిగల ప్రతి గృహిణియు ఈ సంవత్సరముననే పట్టాలను, దస్తావేజులను ఒకచోట చేర్చి, భార్యాభర్తలు కూర్చుండి మాటాడుకొని వీలునామా వ్రాయుదురు గాక. సంఘమువారు గ్రామమునకొక తెలిసినవానిని నియమించి, చదువురానివారికి తోడ్పడవలయునని ప్రార్థించుచు విరమించుచున్నాము.