మైకు సెట్టుకు మూడో పిన్ను ఎందుకు?



ఈ పాఠంలో మనం మైకు సెట్టు గురించి మాట్లాడుకుందాం. పాట ఎలా వినిపిస్తుందన్నది కాదు, మైకు పట్టుకున్న మనిషి క్షేమంగా ఇంటికి వెళ్ళాలంటే దాన్ని ఎలా బిగించాలన్నది నేటి విషయం. ముందుగా నేను కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెబుతాను.

సూరత్ నగరానికి తూర్పు వైపున పర్వత్ పాటియా అనే ప్రాంతం ఉంది. పక్కనే లింబాయత్. నల్లగొండ, కరీంనగర్, వరంగల్ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్ళిన తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. అక్కడ మార్కండేయ జయంతి జరుగుతుంది, వినాయక మండపాలు వెలుస్తాయి, బతుకమ్మ ఆడతారు. మూడింటికీ మైకు సెట్టు తప్పనిసరి. కొన్నేళ్ళ కిందట బతుకమ్మ రోజుల్లో బంధువుల ఇంటికి వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం వాన పడి వెలిసింది. నేల ఇంకా తడిగానే ఉంది. ఆడవాళ్ళంతా చెప్పులు పక్కన విడిచి వలయంగా నిలబడ్డారు. మైకు ఆన్ చేయగానే సౌండు బాక్సుల్లోంచి 'గుయ్‌'మని ఒకటే మోత.

మైకు సెట్టు కుర్రాడు ఏమాత్రం తడుముకోలేదు. కటింగ్ ప్లయర్ తీసి మిక్సరు ప్లగ్గుకూ, యాంప్లిఫయరు ప్లగ్గుకూ ఉన్న మూడో పిన్నును, అంటే పైనున్న లావుపాటి పిన్నును, విరిచేశాడు. మోత ఆగిపోయింది. అందరూ సంతోషించారు. పాట ఎత్తుకోబోయిన అమ్మాయి మాత్రం మైకును కొంచెం దూరం జరిపి, "మైకు మూతికి తగిలితే జుమ్మంటున్నది" అంది. నేను లేచి వెళ్ళి మెయిన్ ఆపేయమన్నాను. కుర్రాడు నొచ్చుకున్నాడు. "సార్, పదేండ్ల సంది గిట్లనే చేస్తున్నం. ఎవ్వరికి ఏం కాలే" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో, ఎప్పుడు అవుతుందో ఇప్పుడు చూద్దాం.

మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. సాకెట్టులో మూడు రంధ్రాలుంటాయి. ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రల్, పైది ఎర్తు. పరికరం పనిచేయడానికి మొదటి రెండూ చాలు. అందుకే మూడోది అనవసరమని చాలామంది అనుకుంటారు. మన ప్లగ్గులో ఆ పిన్ను మిగతా రెండింటికన్నా పొడవుగా, లావుగా ఉండడం మీరు గమనించారా? పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగలాలని, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర వదలాలని అలా చేశారు. అది పరికరం ఇనుప పెట్టెను తీగ ద్వారా భూమికి కలుపుతుంది. మామూలు రోజుల్లో ఆ తీగలో పనికొచ్చే ప్రవాహమేమీ ఉండదు. లోపల ఫేజు తీగ తొడుగు కరిగి పెట్టెను తాకిన రోజు మాత్రం దాని అవసరం తెలుస్తుంది. ఎర్తు తీగ సరిగా ఉండి, మొత్తం దారి నిరోధం 1 ఓమ్ అనుకుంటే, ఓమ్ సూత్రం ప్రకారం 230 ఆంపియర్లు ప్రవహిస్తాయి. 16 ఆంపియర్ల ఎం.సి.బి. తక్షణం పడిపోతుంది. పెట్టెలో విద్యుత్తు ఉండదు.

పిన్ను విరిచేస్తే? పెట్టె 230 వోల్టుల దగ్గరే నిలబడి ఉంటుంది. ఎం.సి.బి.కి ఏమీ తెలియదు. పాట మామూలుగానే వినిపిస్తుంది. మిక్సరు పెట్టె, దానికి కలిపిన మైకు తీగపై అల్లిక, మైకు లోహపు గొట్టం ఇవన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి కాబట్టి మైకు కూడా 230 వోల్టులకు చేరుతుంది. తడి నేలపై చెప్పుల్లేకుండా నిలబడ్డ మనిషి శరీర నిరోధాన్ని సుమారు 1000 ఓమ్‌లు అనుకోండి. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియరు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. సుమారు 1 మిల్లీ ఆంపియరు దగ్గర మనకు జలదరింపు తెలుస్తుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుని, పట్టుకున్నదాన్ని వదలలేం. మైకు విషయంలో ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే దాన్ని మనం పిడికిలి బిగించే పట్టుకుంటాం. 30 నుంచి 50 దాటి కాసేపు కొనసాగితే గుండె లయ తప్పుతుంది. మన లెక్కలో వచ్చినవి 230.

మరి ఆ అమ్మాయికి జుమ్మన్నదేమిటి? యాంప్లిఫయరు, మిక్సరు లోపల విద్యుత్ రొదను వడకట్టడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా పెట్టెకు చాలా కొద్ది ప్రవాహం కారుతూ ఉంటుంది. ఎర్తు ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే మీ పెదవి గుండా పోతుంది. పెదవి తడిగా ఉంటుంది, చర్మం పలచన, కాబట్టి ముందు దానికే తెలుస్తుంది. ఛార్జింగులో ఉన్న కొన్ని ఫోన్ల మీదా, లాప్‌టాప్‌ల మీదా వేలు వెనకభాగం ఆనిస్తే సన్నగా గరగరలాడడం ఈ కారణంగానే. ఈ జుమ్మనడం దానంతటది మనిషిని చంపదు. ఎర్తు తెగిపోయిందని చెప్పే కబురు అది. పదేళ్ళుగా ఆ కుర్రాడికి ఏమీ కాకపోవడానికి కారణం, పదేళ్ళలో ఏ తీగ తొడుగూ కరగకపోవడం. అంతే.

1972 మే 3న బ్రిటన్‌లోని వేల్స్‌లో, స్వాన్సీ అనే ఊళ్ళో స్టోన్ ది క్రోస్ బృందం గిటారు వాద్యకారుడు లెస్ హార్వీ వేదిక మీద ఎర్తు సరిగా లేని మైకును తాకి మరణించాడు. గిటారు వాయించేవాళ్ళు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. వాళ్ళ చేయి తీగల మీద ఉంటుంది. తీగలు యాంప్లిఫయరు ఎర్తుకు కలిసి ఉంటాయి. నోరు మైకు మీద ఉంటుంది. రెండింటి మధ్య వోల్టేజి తేడా ఉంటే ప్రవాహానికి దారి శరీరమే. ఇద్దరు వేర్వేరు యజమానుల సెట్లు ఒకే వేదిక మీద కలిపినప్పుడు ఈ తేడా రావడానికి అవకాశం ఎక్కువ.

సరే, ఇప్పుడు ఆ మోత సంగతి. కుర్రాడి బాధ అబద్ధం కాదు. మోత ఉంటే జనం తిడతారు. అతను తెలియక చేసిన పనికి ప్రత్యామ్నాయం చూపకుండా తప్పు పట్టడం భావ్యం కాదు.

ఆ రోజు మిక్సరుకు కరెంటు గుడి పక్క గదిలోంచి తెచ్చారు. యాంప్లిఫయరుకు ఎదురింటి కిటికీలోంచి వైరు లాగారు. రెండు చోట్లా ఎర్తు ఉంది. అయితే రెండు ఎర్తుల మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉంటుంది. మిక్సరునూ యాంప్లిఫయరునూ కలిపే తీగపై అల్లిక ఆ రెండు ఎర్తులనూ కలిపేసింది. దాంతో ఒక పెద్ద వలయం ఏర్పడింది. ఆ అల్లికలో 0.1 ఆంపియరు ప్రవహించి, దాని నిరోధం 0.1 ఓమ్ అయితే 10 మిల్లీవోల్టుల రొద పుడుతుంది. మిక్సరు నుంచి వచ్చే సంకేతం సుమారు 1 వోల్టు. అందులో నూరోవంతు రొద అంటే పాట మధ్యలో తెలియకపోవచ్చు గానీ, పాట ఆగిన నిశ్శబ్దంలో 'గుయ్‌'మని స్పష్టంగా వినిపిస్తుంది. పిన్ను విరిస్తే వలయం తెగుతుంది, మోత పోతుంది. దాంతోపాటు రక్షణ కూడా పోతుంది.

వలయాన్ని వేరే చోట తెంచవచ్చు. అన్నిటికన్నా సులువైన మార్గం, మిక్సరు, యాంప్లిఫయరు, లాప్‌టాప్ అన్నిటికీ కరెంటు ఒకే బోర్డు నుంచి ఇవ్వడం. అప్పుడు అందరి ఎర్తూ ఒక్కటే. తర్వాతది, మామూలు జాక్ తీగలకు బదులు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ తీగలు వాడడం. వాటిలో ఒకే సంకేతం రెండు తీగల్లో ఒకదానికొకటి వ్యతిరేక దిశలో వెళుతుంది. బయటి రొద రెండింటి మీదా ఒకే రకంగా పడుతుంది. అవతలి చివర ఒకదాన్నుంచి రెండోది తీసివేస్తే రొద రద్దయి, పాట మిగులుతుంది. ఎంత అందమైన లెక్కో చూడండి! ఇంకా మోత ఉంటే సంకేతపు దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు గానీ డి.ఐ. బాక్సు గానీ పెట్టాలి. డి.ఐ. బాక్సు మీద 'గ్రౌండ్ లిఫ్ట్' అనే మీట ఉంటుంది. అది తెంచేది పాట తీగ అల్లికను మాత్రమే, కరెంటు ఎర్తును కాదు. ఈ రెంటి మధ్య తేడా తెలిస్తే ఈ పాఠంలో సగం వచ్చినట్టే. కరెంటు వైర్లనూ మైకు తీగలనూ ఒకే కట్టగా చుట్టకండి. దాటవలసి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

ఆ సాయంత్రం మేము చేసింది ఇదే. కొత్త ప్లగ్గులు తెప్పించి వేయించాం. ఎదురింటి వైరు తీసేసి అంతా గుడి పక్క గదిలోని బోర్డు నుంచే ఇచ్చాం. బతుకమ్మ ఓ ముప్పావుగంట ఆలస్యమైంది. పెద్దమ్మలు నన్ను నాలుగు మాటలన్నారు.

మండపాల్లో మరో పొరపాటు తరచు చూస్తాను. "ఎర్తు ఇచ్చాం సార్" అని నేలలో దిగ్గొట్టిన ఇనుప కడ్డీని చూపిస్తారు. ఆ కడ్డీకీ నేలకూ మధ్య నిరోధం 20 ఓమ్‌లు అనుకోండి. 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. పడదు! ఎర్తు ఉందన్న ధైర్యంతో ఉంటాం, పెట్టె మాత్రం విద్యుత్తుతోనే ఉంటుంది. సూరత్ ప్రాంతపు నల్లరేగడి వానల్లో తడిసి బాగానే పట్టుకుంటుంది. ఎండాకాలంలో నెర్రెలిచ్చి కడ్డీని వదిలేస్తుంది. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోయడం నేల నిరోధం తగ్గించడానికే. ఎర్తు ఎలా ఉండాలో వివరించే భారతీయ ప్రమాణం ఐఎస్ 3043. దాన్ని 2018లో సవరించారు.

అందుకే ఎర్తుతోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండాలి. అది ఫేజులో వెళ్ళిన ప్రవాహాన్నీ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన ప్రవాహాన్నీ పోల్చి చూస్తుంది. తేడా ఉందంటే ఎక్కడో నేలలోకి కారుతోందన్నమాట. 230 మిల్లీ ఆంపియర్ల లాంటి పెద్ద తేడాకు 40 మిల్లీసెకన్లలోపే దారి మూసేస్తుంది. అయితే ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి అది కాపాడలేదు. రెండు ప్రవాహాలూ సమానమే కదా! జనరేటరు వాడేటప్పుడు దాని న్యూట్రల్‌ను, పెట్టెను ఎర్తుకు కలపకపోతే ఆర్.సి.సి.బి. ఉన్నా పనిచేయకపోవచ్చు. ఈ పని ఎలక్ట్రీషియన్ చేయాలి. స్తంభానికి కొక్కెం తగిలించి తెచ్చిన కరెంటుకు పై లెక్కలేవీ వర్తించవు. దాని గురించి నేను చెప్పేదేమీ లేదు, వద్దు అన్నమాట తప్ప.

పైకి కూడా చూడాలి. సౌండు బాక్సుల ఇనుప స్టాండ్లు, తోరణాల గొట్టాలు నిలబెట్టే ముందు తలమీద తీగలేమైనా ఉన్నాయేమో చూడండి. 2025 ఆగస్టులో హైదరాబాదులోని రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు చనిపోయారు.

ఇక సంరక్షణ. మరమగ్గాల పేటల్లో గాలి నిండా సన్నని నూలు దూది. యాంప్లిఫయరు ఫ్యాను జాలీని అది కంబళిలా కప్పేస్తుంది. లోపల వేడి పెరిగి తొడుగులు పెళుసెక్కుతాయి. మనం మొదట చెప్పుకున్న కరిగిన తొడుగు ఇలాగే పుడుతుంది. ప్లగ్గు తీసి, జాలీని మెత్తని బ్రష్షుతో దులపండి. పెట్టె మూత మాత్రం విప్పకండి. కరెంటు తీసేసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో విద్యుత్తు నిలవ ఉంటుంది. చుట్ట చుట్టిన వైరు రీలును పూర్తిగా విప్పే వాడాలి, లేకపోతే చుట్టలోనే వేడెక్కి కరుగుతుంది. ఈ ప్రాంతంలో వానాకాలంలో ఖాడీలు పొంగి వీధుల్లోకి నీళ్ళు రావడం మామూలే కాబట్టి జంక్షన్ బాక్సులు నేల మీద పెట్టకుండా ఎత్తున కట్టించండి.

స్పీకరు వైరులో ఏముంటుందిలే అని చాలామంది నాతో అంటారు. 8 ఓమ్‌ల స్పీకరుకు 1000 వాట్లు ఇవ్వాలంటే ఎన్ని వోల్టులు కావాలి? వెయ్యిని ఎనిమిదితో హెచ్చించి వర్గమూలం తీయండి. దాదాపు 89 వోల్టులు! అతుకులకు టేపు చుట్టకుండా వదిలితే అదీ కొడుతుంది.

ఎవరికైనా షాకు తగిలితే ముందు చేయాల్సింది మెయిన్ ఆపడం. ఆ మనిషిని ముట్టుకోకండి. మెయిన్ దొరక్కపోతే ఎండిన కర్రతో మైకును తప్పించండి. శ్వాస లేకపోతే ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ, మరొకరితో 108కి ఫోను చేయించండి.

చివరగా మీకు ఇంటిపని. మల్టీమీటరు ఉంటే ఇస్త్రీపెట్టె ప్లగ్గును గోడనుంచి పూర్తిగా తీసేసి బల్ల మీద పెట్టండి. మీటరును ఓమ్‌ల దగ్గర ఉంచి, ఒక కొనను లావు పిన్నుకూ మరోదాన్ని ఇస్త్రీపెట్టె రంగులేని లోహపు స్క్రూకూ ఆనించండి. 1 ఓమ్ లోపు రావాలి. రాకపోతే ఇస్త్రీపెట్టెను పక్కన పెట్టి ఇంట్లో పెద్దలకు చెప్పండి. గోడ సాకెట్టులో మాత్రం కొనలు పెట్టవద్దు. దాని ఎర్తును పరీక్షించే పని ఎలక్ట్రీషియనుది. తర్వాత మీ పాఠశాల మైకు సెట్టు ప్లగ్గుల్లో ఎన్నింటికి మూడో పిన్ను ఉందో లెక్కపెట్టి, ఆ సంఖ్యను మీ భౌతికశాస్త్రం మాస్టారికి రాసివ్వండి.