తొలియేటి ముచ్చటలు



బిడ్డ యెదుగుదలను నెలలతో లెక్కించుట ఆసుపత్రివారి పద్ధతి. తెలుగు ఇల్లాలు దానిని వంటయింటితో లెక్కించినది. బిడ్డ నవ్విననాడు నువ్వుండలు, బోర్లపడిననాడు బొబ్బట్లు, కూర్చున్ననాడు కుడుములు, పాకిననాడు పాకుండలు, గడప దాటిననాడు గారెలు, అడుగులు వేసిననాడు అరిసెలు, పలికిననాడు పంచదార చిలుకలు. ఈ పట్టిక ఊరూరికి కొంత మారును గాని సూత్రమొక్కటే. నవ్వుకును నువ్వులకును వైద్యశాస్త్రరీత్యా సంబంధమేమియు లేదు. ఉన్నది మొదటి యక్షరపు చుట్టరికమే. ఛందస్సు చదువని ఏ ముసలమ్మయో యతి కుదిర్చి పెట్టిన నియమమిది.

అయినను దీనిని ఉత్త వేడుకగా త్రోసివేయరాదు. ఆ బొబ్బట్లు ఇంటివారు తినుటకై వండినవి కావు. వీధిలోని పదియిండ్లకు పంపుటకై వండినవి. పళ్లెముతోపాటు వార్తయు పోవును. వార్త విన్న పెద్దలు బిడ్డను చూడవత్తురు. చూచినవారు ఊరక పోరు. మెడ నిలిచినదా, పిలిచినవైపు తల త్రిప్పుచున్నదా, పిడికిలి విప్పి వస్తువును పట్టుచున్నదా అని పరికింతురు. నెలలు గడచినను బొబ్బట్లు రాని యింటిని గూర్చి మెల్లగా ప్రశ్నలు బయలుదేరును. అవి తల్లికి ములుకులవలె తగులుట నిజమే. కాని నేడు శిశువైద్యులు ముద్రిత పత్రములపై గుర్తులు పెట్టి చేయు పనిని ఆనాడు ఆ ముసలి కన్నులే చేసినవి.

ఆ కన్నులకు తొందర మాత్రము ఎక్కువ. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఘనా, భారతదేశము, నార్వే, ఒమన్, అమెరికాలలో 816 మంది శిశువులను పరిశీలించి 2006లో ఫలితములను ప్రకటించిరి. మన దేశము పక్షమున చేరినవారు ఢిల్లీ శిశువులే. ఆ లెక్క ప్రకారము ఆరోగ్యముగా నున్న బిడ్డ ఆధారము లేక కూర్చుండుట నాలుగవ నెల మొదలు తొమ్మిదవ నెల దాటువరకును, ఒంటరిగా నడచుట ఎనిమిదవ నెల మొదలు పదునేడున్నర నెలల వరకును ఎప్పుడైనను జరుగవచ్చును. పొరుగింటి పిల్లవాడు పదినెలలకే నడిచెనని నిద్ర మానుకొను తల్లిదండ్రులు ఈ అంకెలను గోడకు అంటించుకొనదగును. మఱియొక విశేషము: నూటికి నలుగురు శిశువులు మోకాళ్లపై పాకనే పాకలేదు. పాకుండలకు నోచుకొనని ఆ నలుగురి సంగతి ముందు వచ్చును.

ఉద్యోగమునకై రాజధానికి చేరిన తెలుగు కుటుంబమునకు వీధి లేదు, మెట్లవరుస కలదు. రామకృష్ణపురము వంటిచోట ప్రభుత్వపు వసతిగృహములలో ఎదుట పంజాబీవారు, పైన వంగీయులు, క్రింద మలయాళీలు. తొలికాన్పు పుట్టినింట జరిగి, మూడవ నెలలోనో అయిదవ నెలలోనో బిడ్డ అమ్మమ్మతో కూడ రైలు దిగును. అమ్మమ్మ మూటలో సున్నిపిండి, సాంబ్రాణి, వసకొమ్ము, వెండి ఉగ్గుగిన్నె. పీటపై కాళ్లు చాచి కూర్చుండి, బిడ్డను ఆ కాళ్లపై బోర్లబెట్టి, నూనె మర్దించి లాల పోయు విద్య పుస్తకము చదివి అబ్బునది కాదు. ప్రక్కన కూర్చుండి చూచి నేర్వవలసినది. వసకొమ్ము అరగదీసి నాకించుట, ఆముదము పట్టుట, తేనె నాలుకకు రాయుట అను విషయములలో మాత్రము అమ్మమ్మకును వైద్యునికిని జగడము తప్పదు. ఇందు న్యాయము వైద్యునిదే. ఆరుమాసములు తల్లిపాలు తప్ప మఱేమియు వలదు. తేనె యేడాది నిండువరకు కూడదు, దానియందలి సూక్ష్మజీవి పసికడుపులో విషము పుట్టింపగలదు. ఉగ్గుగిన్నె అన్నప్రాశనమువరకు అలమరలో ఓపిక పట్టవచ్చును.

ఇక సెలవుల ప్రసంగము. 1972 నాటి కేంద్ర సివిలు సర్వీసుల సెలవు నిబంధనలను ఎఱుగనివారు ఈ సభలో నుండరు. ప్రసూతి సెలవు తొలుత 90 దినములు, 1997లో 135, 2008 సెప్టెంబరు 1 నుండి 180. తండ్రికి 1997 నుండి 15 దినములు. 180 దినములనగా ఆరుమాసములు. బిడ్డ నోట తొలిముద్ద పెట్టుటకును, తల్లి కార్యాలయములో మరల హాజరగుటకును ఇంచుమించుగా ముహూర్తమొక్కటే. కాన్పునకు ముందే సెలవు మొదలిడినచో ఆ ముహూర్తము ఇంకను ముందే వచ్చును. మగబిడ్డకు ఆరవనెల, ఆడుబిడ్డకు అయిదవనెల యని అన్నప్రాశనము చేసి, పుస్తకము, కలము, బంగారము, అన్నము ఎదుట పేర్చి బిడ్డను వదలుదురు. బిడ్డ సాధారణముగా మెరయు వస్తువు మీదికే పోవును. పొరపాటున కలము పట్టెనా, తండ్రి ముఖము చూడవలసినదే. మఱునాడు తల్లి బస్సెక్కును. వంటయింటి పట్టికను ఇప్పుడు మరల చూడుడు: నవ్వు, బోర్లపాటు తప్ప తక్కినవన్నియు కార్యాలయపు వేళలలోనే పడుచున్నవి.

శిశుసంరక్షణ సెలవు అను వేఱొక సదుపాయము 2008లో వచ్చినది. స్త్రీ ఉద్యోగులకును, 2018 నుండి ఒంటరి తండ్రులకును సర్వీసు మొత్తములో 730 దినములు. దానిని పదవ తరగతి, పండ్రెండవ తరగతి పరీక్షలకై దాచియుంచు అలవాటు మనవారిలో బలపడినది. పరీక్షకు చదువు బిడ్డకు తల్లి తేనీరు కాచి యిచ్చుటకన్న చేయగలది స్వల్పము. నడక నేర్చు బిడ్డ విషయము అట్టిది కాదు. దాచిన దినములలో ఒక నెల యైనను తొలియేటికి ఖర్చుపెట్టుట దుబారా కానేరదు.

తల్లి బస్సెక్కిన పిదప ఇంట నుండునది ఆయా. ఆమె మాట హిందీ. ఇచ్చట మఱియొక లెక్క కలదు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అను శాస్త్రజ్ఞులు 1984లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. ఇంట ఆంగ్లము మాత్రమే వినుచున్న శిశువులు ఆరు మొదలు ఎనిమిది నెలల వయస్సున హిందీలోని త-ట భేదమును గుర్తించిరి. పది, పండ్రెండు నెలల శిశువులలో చాలమందికి ఆ గుర్తింపు పోయినది. వినబడని ధ్వనిని చెవి ఏడాదిలోనే విడిచిపెట్టుచున్నది. తెలుగున మెడ వేఱు, మేడ వేఱు; కొన వేఱు, కోన వేఱు; కల వేఱు, కళ వేఱు. హిందీలో ఎ-ఏలకు, ఒ-ఓలకు అట్టి భేదము లేదు. ప్రమాణ హిందీలో ళకారమే లేదు. ఆయాను నిందింపబనిలేదు, ఆమె మాటయు బిడ్డకు లాభమే. రెండు భాషలు వినిన శిశువు రెండింటిని పట్టగలదు. కాని రెండవది వినబడవలెను గదా! సాయంకాలము ఇల్లు చేరిన తల్లిదండ్రులు బిడ్డను టెలివిజను ఎదుట కూర్చుండబెట్టుటకు మాఱుగా లాల, బువ్వ, బజ్జ, జేజ అని ఒక గంట పలుకరించిన చాలును. దానికి సెలవు మంజూరు అక్కఱలేదు.

ఆయా ప్రస్తావన వచ్చినది గనుక ఇట్టి మెట్లవరుసలలోని ఒక యింట జరిగిన సంగతి చెప్పవలసియున్నది. ఆ యింటి చంటిపిల్ల పాకలేదు. కూర్చుండియే జరుగుచు గది యంతయు తిరుగుచుండెడిది. ఏడు నిండుటకు పదిదినముల ముందొక సాయంకాలము తల్లి తలుపు తీసికొని వచ్చునప్పటికి ఆయా బిడ్డను మంచపుకోటి యొద్ద నిలిపి, “దీదీ, చేతిసంచి అక్కడ పెట్టి ఇటు కూర్చోండి” అన్నది. బిడ్డ కోటిని వదలి మూడడుగులు వేసి తల్లి ఒడిలో పడినది. తల్లి ఆనందమునకు మేర లేకపోయెను. రెండు దినముల తరువాత క్రిందియింటి మలయాళీ ఇల్లాలు మాటల సందర్భమున, ఆనాటి మధ్యాహ్నమే బిడ్డ నడచుట తెఱచిన తలుపునుండి చూచితినని చెప్పినది. తల్లి ఆయాను అడిగినది. ఆయా కొంతసేపు పలుకలేదు. ఆమె బిడ్డ ఝార్ఖండులోని పల్లెలో నాయనమ్మ యొద్ద పెరుగుచున్నాడు. “మా వాడు నడిచిన సంగతి నాకు ఫోనులో చెప్పారు, దీదీ. మీకు అలా చెప్పాలనిపించలేదు” అన్నది.

ఆ రాత్రి తల్లి ఊరికి ఫోను చేసి అరిసెల పాకము అడిగినది. అమ్మమ్మ లెక్క మఱువలేదు. “దాని పాకుండలు బాకీ ఉన్నాయి కదే. రెండూ ఒకే చలిమిడి. బియ్యం నానబోసి తడిపిండి కొట్టించు, కొట్టులో పిండి పనికిరాదు. సగం తట్టి అరిసెలు వెయ్యి, సగం ఉండలు చెయ్యి.” శనివారమునాడు మొదటి వాయ నూనెలో విడిపోయినది, రెండవది నిలిచినది. బిడ్డను అరిసెలపై నాలుగడుగులు నడిపించి, మెట్లవరుస యంతటికి పళ్లెములు పంపిరి. వంగీయుల యింటినుండి పళ్లెము సందేశ్‌తో తిరిగి వచ్చినది. ఆయా డబ్బాలో మాత్రము అరిసెలకన్న పాకుండలే ఎక్కువ పెట్టిరి. అవి పదిదినములైనను చెడవు, ఆమె ఆ వారమే ఊరికి పోవుచున్నది.