ఫొటో వెనక పేరు

  ఈ ధర్మనిధి ఉపన్యాసం ఏ మాస్టారి పేరిట జరుగుతోందో, ఆయన పాండిత్యం గురించి పెద్దలు ఇంతకుముందే చెప్పారు. నాకు గుర్తున్నది ఒకటే: ఫొటో అంటే ఆయన పక్కగదిలోకి జారుకునేవారు. ఇవాళ దండ వేసిన ఈ ఫొటో కూడా రేషన్ కార్డు కోసం తీయించుకున్నది. ఇక నా పేచీలోకి వస్తాను; అదీ ఫొటోల గురించే.

సైన్సు ఆడవాళ్ల పని కాదన్న మూస మాటను సోషల్ మీడియా బద్దలు కొడుతోందంటున్నారు. 2015లో నోబెల్ గ్రహీత టిమ్ హంట్ ప్రయోగశాలల్లో ఆడపిల్లల గురించి నోరు జారితే, మహిళా శాస్త్రవేత్తలు ట్విట్టర్‌లో ఆయన్ని ఆటపట్టించారు. అక్కడ నాకు తగువు లేదు.

నా తగువల్లా 2014 సెప్టెంబర్ 24 నాటి ఫొటోతోనే. మంగళయాన్ అంగారకుడి కక్ష్యలో చేరిన రోజు, చీరలు కట్టి పూలు పెట్టుకున్న ఇస్రో ఆడవాళ్లు సంబరపడుతున్న ఫొటో అది. లోకమంతా తిరిగింది. వాళ్లు పరిపాలనా సిబ్బంది అని ఇస్రో తర్వాత చెప్పింది. దాంతో కొందరు ఫొటోయే మోసమన్నారు. అది అన్యాయం. తమ సంస్థ గెలిస్తే గుమాస్తా నవ్వకూడదా? ఇంకొందరు, ‘ఎవరైతేనేం, ఆడపిల్లలకు స్ఫూర్తి కలిగిందిగా’ అంటారు. నేను ఒప్పుకోనిది దీన్నే. అదే మిషన్‌లో పనిచేసిన రీతూ కరిధాల్, నందినీ హరినాథ్, మీనల్ రోహిత్ పేర్లు ఆ ఫొటోను పంచుకున్నవాళ్లలో ఎందరికి తెలుసు? చీర, పూలు మనకు నచ్చాయి. మూస పగలలేదు, దానికి రాకెట్ బొమ్మ అతికించామంతే.

దీని పక్కన 2015 ఆగస్టు నాటి సంగతి పెట్టి చూడండి. ఐసిస్ ఆంచలీ అనే ఇంజనీరు తన కంపెనీ ప్రకటనలో కనిపిస్తే, ఈమె ఇంజనీరులా లేదన్నారు. ఆమె తన ఫొటో తానే పెట్టి, తన పని తానే చెప్పుకుంది. వేలమంది ఆమె దారి పట్టారు. ఫొటో ఎవరు పెట్టారు, పని ఎవరు చెప్పారు అన్నదే నాకు గీటురాయి.

మన అయ్యలసోమయాజుల లలితగారి విషయంలోనూ మంగళయాన్ ఫొటోకు జరిగినదే జరుగుతోంది. భారతదేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు. ఆమె గురించి నా ఫోనుకు వచ్చే ప్రతి సందేశంలోనూ పద్దెనిమిదో ఏట వైధవ్యం, చంకలో పసిపాప. భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల పనిలో ఆమె చెయ్యి ఉందనీ, 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సదస్సుకు వెళ్లారనీ ఆఖరి వాక్యంలో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

మన రాయపూర్‌కు వద్దాం. ఇక్కడి గనుల, లోహశాస్త్ర కళాశాల 1956లో పుట్టింది. అప్పటికే 1952 గనుల చట్టం, 46వ సెక్షన్, ఆడవాళ్లను భూగర్భ గనుల పనికి దూరం పెట్టింది. 2019లో గానీ సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగాలకు సడలింపు రాలేదు. అదైనా ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా, రాతపూర్వక సమ్మతితో, ఒక షిఫ్టులో కనీసం ముగ్గురు ఆడవాళ్లు ఉంటేనే అన్నారు. ఈ సడలింపు కోసం మహిళా ఉద్యోగులు, మైనింగ్ విద్యార్థులు అర్జీలు పెట్టుకున్నారు. అర్జీ కాగితాన్ని ఎవరూ షేర్ చెయ్యరు కదా!

అందుకే రాయపూర్, భిలాయి తెలుగు కుటుంబాల్లో ల్యాబులో, ప్లాంటులో, గనుల ఆఫీసులో పనిచేసిన ఆడవాళ్ల వివరాలు పోగుచేస్తున్నాను. మీ ఇంట్లో అమ్మదో అత్తదో ఫొటో ఉంటే పంపండి. వెనక పేరు, ఉద్యోగం, చేసిన పని, సంవత్సరం రాయండి. ఆమె బతికి ఉంటే మాత్రం మీరు రాయకండి, ఆమెచేతనే రాయించండి.